మంచు తోడు

ఆ ఉదయం ఆకాశంలో మబ్బుతునక లేదు. చుక్కలు ఆరిపోయే వేళ. తూర్పు కొండ వెనక వెలుతురు పచ్చిపాల రంగులో పైకి వస్తోంది. గాలి కదలడం లేదు. గాలి లేకుండా ఆకాశం అంత తేటగా ఉంటే నాకు భయం. నేల తన వేడినంతా పైకి వదిలేసుకుంటుంది, కప్పడానికి మబ్బు ఉండదు. చల్లబడ్డ గాలి నీళ్ళలాగే వాలు చూసుకుని జారి, లోయ అడుగున మడుగు కడుతుంది.

మా జీలుగుపుట్టు ఆ మడుగు అడుగున ఉన్న ఊరు. నలభై గడప. ఊరి పైన గట్టు మీద పరిశోధన కేంద్రం వాళ్ళ రేకుల షెడ్డు, దాని ముందు ఒక తెల్ల చెక్కపెట్టె. పెట్టెలో చలీ వేడీ కొలిచే గాజుగొట్టాలు, పక్కన వాన కొలిచే డబ్బా. ఉదయం ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి వాటిని చూసి పుస్తకంలో రాయడం నా పని. అప్పటికి ఇరవై రెండేళ్ళు రాశాను. ఆశ్రమ పాఠశాలలో ఏడు దాకా చదివాను. అంకె తప్పు రాయను. మాట్లాడడం తక్కువ.

ఆ ఉదయం గొట్టం సున్నాకి రెండు కింద చూపించింది. పుష్యం అయితే రాసుకుని ఊరుకునేవాణ్ణి. అది ఫాల్గుణం.

మా చిన్నప్పుడు చలికి ఒక వరస ఉండేది. పుష్యంలో వచ్చేది, మాఘంలో సర్దుకునేది. ఇప్పుడు పుష్యంలో ఉక్కపోస్తుంది. కాఫీ మొక్క వేసవి వచ్చిందనుకుని మొగ్గ తొడుగుతుంది. తొడిగాక, దారిలో ఏదో మరిచిపోయినవాడిలా చలి వెనక్కి వస్తుంది.

గట్టు దిగేసరికి గడ్డి తెల్లగా ఉంది. కాఫీ తోటలో మొగ్గ మొగ్గకీ తెల్లమంచు పట్టింది. ఒకటి వేళ్ళతో నొక్కితే గాజులా చిట్లింది. ఎండ వచ్చాక అన్నీ నల్లబడ్డాయి, నిప్పు తగిలినట్టు.

మా అమ్మ ఆ తెల్లారే అడవి అంచుకి పోయి అడ్డాకు కోసుకొచ్చింది. ఆకుల మీద మంచు ఇంకా కరగలేదు. వేలికొనలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఒలమ్మా, ఆకు మీద ఉప్పు జల్లినట్టుంది సూడరా నూకన్నా," అని నవ్వింది.

ఆ వారమంతా గుమ్మంలో కూచుని ఆ ఆకుల్ని ఈనెపుల్లలతో విస్తళ్ళు కుట్టింది. ఆరబెట్టి, కట్ట కట్టి, అటక మీద పెట్టింది. ఉగాది రాకముందే గుండెల్లో జలుబు చేరి అమ్మ పోయింది. ఆ కట్ట విప్పడానికి నా భార్య కాసులమ్మకి చేతులు రాలేదు. నాకూ రాలేదు.

*

పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ ఇందుమతి మేడమ్ ఆ వర్షాకాలం వచ్చారు. యాభై దాటిన మనిషి. తెనాలి వైపు వారు. షెడ్డులో ఒక గది నిండా సామాను దింపించారు. అందులో ఒక రాగి పలక ఉంది. దాన్ని ఎంత చల్లగా కావాలంటే అంత చల్లగా చేయవచ్చు. ఒకరోజు నన్నూ, మా బావమరిది బొంజుబాబునీ పిలిచి, ఆ పలక మీద రెండు నీటిచుక్కలు పెట్టారు. బొంజుబాబు మా ఊరి పూజారి.

"ఎడమది కాచి వడకట్టిన నీళ్ళు. కుడిది మీ కాఫీ ఆకు కడిగిన నీళ్ళు. ఏది ముందు గడ్డకడుతుంది నూకన్నా?"

"రెండూ ఒకేసారి మేడమ్."

"చూడు."

పలక పక్కన అంకెలు దిగాయి. సున్నా. ఒకటి కింద. రెండు కింద. అక్కడ కుడి చుక్క తెల్లబడింది. మెల్లగా కాదు, కన్ను తెరిచినట్టు ఒక్కసారే. ఎడమ చుక్క అలాగే ఉంది. మూడు కింద, నాలుగు కింద, ఆరు కింద. నీళ్ళు నీళ్ళలాగే మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళు సున్నా అంటే మంచు అని రాశాను.

"నీళ్ళు ఉత్త చలికే గడ్డకట్టవు," అన్నారు మేడమ్. "ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. మీ ఆకుల మీద ఒక సూక్ష్మజీవి ఉంది. అది మొదలుపెడుతుంది. దాని తమ్ముణ్ణి నేను తయారుచేశాను. అన్నిటిలో అన్నలాంటిదే, మంచు మొదలుపెట్టడం ఒక్కటే చేతకాదు. పాలకి తోడు వేసినట్టు ముందుగా దీన్ని ఆకుల మీద చేర్చామంటే, పాతదానికి చోటుండదు."

బొంజుబాబు తల గోక్కున్నాడు. "అయితే మేడమ్ గోరు మా కొండనే తోడెడతారన్నమాట. పులిసిపోకుండా సూడండి మరి."

ఆవిడ గట్టిగా నవ్వారు. తరవాత నవ్వు ఆపి, నా వైపు చూశారు.

"పులిస్తే ఏం చేస్తాం? ఇంట్లో ఆడవాళ్ళు కొత్త తోడు ఎలా ఉంటుందోనని పాతది ఒక గిన్నెలో దాస్తారు. అలాగే మీ అమ్మవారి వనం మన గిన్నె. అయిదెకరాలు. దాని మీద ఒక్క చుక్క పడకూడదు. ఏదైనా తేడా వస్తే పాతదాన్ని అక్కణ్ణించే తెచ్చుకోవాలి. ఆ కాపలా నీది నూకన్నా."

వనం చుట్టూ ఎర్ర రిబ్బను నేనే కట్టాను.

*

మా ఊళ్ళో కొత్తది ఏదొచ్చినా మొదటి వాటా అమ్మవారిది. కొత్త సామలు, కొత్త కంది, మామిడికాయ, ఏదైనా సరే. వనంలో పెట్టాకే మనిషి నోటికి. పెట్టకుండా తిన్నవాడి ఇంటికి ఎవరూ నిప్పుకి కూడా పోరు.

మాఘంలో ఆ తోడు నీళ్ళు తోటలకి మందులా కొట్టే రోజు. మేడమ్ పైతోటల్లో ఉన్నారు. వీపున డబ్బా తగిలించుకుని నేను కిందితోటకి బయల్దేరితే బొంజుబాబు అడ్డం నిలబడ్డాడు. స్నానం చేసి, తడిబట్టతో ఉన్నాడు.

"అమ్మోరికి ఎట్టకుండా మనం ఎట్టుకుంటామేటి బావా?"

"మేడమ్ వొద్దన్నారు."

"ఆయమ్మ పైదేశం మడిసి, ఆయమ్మకేటి తెలుసు. మన తోటలన్నిటికీ దుప్పటి కప్పీసి, తల్లిని సలిలో ఒగ్గేత్తామా? రేపు పిల్లలకి ఏటి సెప్తావు?"

చెప్పులు విడిచాను. అతను రిబ్బను విప్పాడు. డబ్బాలో చిటికెడు పసుపు వేశాడు. వనంలో ప్రతి చెట్టుకీ, చెట్టు మీది ప్రతి తీగకీ, అమ్మవారి రాయి దగ్గరి గడ్డికి కూడా కొట్టాను. చల్లటి తుంపర ఎండలో ఇంద్రధనుస్సు కట్టింది. బొంజుబాబు చేతులు జోడించాడు. బయటికొచ్చి రిబ్బను మళ్ళీ కట్టేశాం, ముడి కూడా అలాగే.

సాయంత్రం మేడమ్ నన్ను ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. అడగని మాట చెప్పే అలవాటు లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

*

ఫాల్గుణంలో చలి వెనక్కి వచ్చింది. ఈసారి సున్నాకి నాలుగు కింద. నా పుస్తకంలో అంత కింద అంకె ఎప్పుడూ లేదు. గొట్టం తుడిచి మళ్ళీ చూశాను.

గట్టు మీద నుంచి లోయ వైపు తిరిగితే తెలుపు కనబడలేదు. పచ్చగా ఉంది. దిగాను. గడ్డి మీద నీళ్ళు. కాఫీ ఆకుల చివర నీళ్ళు. సిల్వర్ ఓక్ చెట్ల మీద నుంచి, మిరియాల తీగల మీద నుంచి టప్, టప్ మని నీళ్ళు రాలుతున్నాయి. నా ముక్కులో ఊపిరి కోసుకుపోతోంది, వేళ్ళు మొద్దుబారాయి, ఆ చలిలో లోయంతా వానాకాలపు తెల్లవారులా కారుతోంది. మొగ్గ ఒకటి వేళ్ళ మధ్య నొక్కాను. మెత్తగా ఉంది. బతికి ఉంది.

ఊరంతా తోటల్లోకి వచ్చింది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, దేవుడి గదిలోకి వచ్చినట్టు. మేడమ్ శాలువా కప్పుకుని దిగి వచ్చి, ఒక కొమ్మ ముందు నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తడిసింది కళ్ళజోడు కాదు.

"అత్తుంటే సూసును," అంది కాసులమ్మ.

బొంజుబాబు నా చెవిలో, "సూసినావా, తల్లికి ముందెట్టినాం కాబట్టే," అన్నాడు.

*

కాఫీ మొగ్గ విచ్చడానికి చైత్రంలో ఒక వాన కావాలి. మేము పూతవాన అంటాం. అది పడిన తొమ్మిదో రోజుకి కొండ మొత్తం తెల్లగా పూస్తుంది. వాసన పక్క ఊరిదాకా పోతుంది. అది పడకపోతే మొగ్గ పిచ్చుక ముక్కులా మూసుకునే ఉండి, ఎండి రాలిపోతుంది.

మబ్బులు వచ్చాయి. రోజూ మధ్యాహ్నం వచ్చేవి. నల్లగా, బరువుగా, కొండ భుజాల మీద పొట్ట ఆనించి వేలాడేవి. ఆడవాళ్ళు పరుగున ఆరేసిన మిరియాలు ఎత్తుకునేవారు. కోళ్ళు గంప కిందకి పోయేవి. మబ్బు అలాగే ఒకటి రెండు గంటలుండి, ఒక్క చుక్క రాల్చకుండా పడమటి కనుమ దాటిపోయేది. నేను సున్నా రాసేవాణ్ణి. మర్నాడు సున్నా. పద్దెనిమిదో రోజు డబ్బా గరాటులో సాలీడు గూడు కట్టింది. ఊట సన్నబడింది. కాసులమ్మ నీళ్ళకి రెండు గట్లు దిగి పోవలసి వచ్చింది. చింతపల్లి సంత నుంచి వచ్చిన జీపు మనిషి, మూడు కొండల అవతల వాగులు పారుతున్నాయని చెప్పాడు.

నేను చాలా రోజులు చూశాను. ఆ మబ్బుల్ని ఎక్కడో చూసినట్టుంది. చివరికి గుర్తొచ్చింది. రాగి పలక మీద ఎడమ చుక్క. ఎంత చల్లబడ్డా అలాగే ఉండిపోయినది.

"మేడమ్," అన్నాను. "మబ్బుకి కూడా ఎవరో మొదలుపెట్టాలా?"

ఆవిడ చేతిలో గాజుబుడ్డి ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టారు. నా వాన పుస్తకం తీసుకుని, గుమ్మంలో మెట్టు మీద కూచుని, పేజీలు తిప్పారు.

"ఆ సూక్ష్మజీవులు గాలికి ఆకుల మీద నుంచి పైకి లేస్తాయి. మబ్బులోకి పోతాయి. అక్కడా వాటి పని అదే. మంచు పలుకు కడతాయి. పలుకు బరువెక్కి పడుతుంది, దారిలో కరుగుతుంది. దాన్నే మనం వాన అంటాం." పుస్తకం మూశారు. "చదివినదాన్నే నూకన్నా. ఇంతని అనుకోలేదు. తెల్లమంచుని ఆపాననుకున్నాను."

లేచి చెప్పులు వేసుకున్నారు. "ఫరవాలేదు. వనం ఉంది. పద."

వనం దాకా ఆవిడ ముందు, నేను వెనక. ఆ దారి అంత పొడుగని అంతకుముందు తెలియదు. రిబ్బను ముడి మీద ఆవిడ చెయ్యి వేశాక అన్నాను.

"అందులోనూ కొట్టాం మేడమ్."

"ఎప్పుడు?"

"అన్నిటికన్నా ముందు."

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "రెండు నెలలు రోజూ పొద్దున్నే నాకు అంకెలు చెప్పావు," అన్నారు.

"మీరడగలేదు."

"అడగాలా నూకన్నా?"

అయినా ఆకు కోశారు. కడిగిన నీళ్ళు పలక మీద పెట్టారు. ఏడు కింద దాకా చుక్క నీళ్ళలాగే చూస్తూ ఉండిపోయింది. తరవాత మూడు కొండల అవతలి ఆకులు తెప్పించారు. వాటి మీది జీవిని పెంచి మా ఆకుల మీద వదిలారు. వారం తిరగకుండా చచ్చిపోయింది. ఈ ఎత్తుకీ, ఈ చలికీ అలవాటుపడింది మా లోయలో పుట్టినదే. అడవి అంచుదాకా మేమే మందు కొట్టేశాం. అది ఇక లేదు.

మొగ్గలు రాలడం మొదలైంది. తోటలో నడుస్తుంటే కాళ్ళ కింద చిటపటమనేవి. నేను చేసింది ఊరందరికీ తెలిసింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. బొంజుబాబు మాత్రం మా ఇంటికి రావడం మానేశాడు. వనం రాయి ముందు ఎండలో కూచునేవాడు.

*

ఒక మధ్యాహ్నం చోడి అంబలి తాగుతూ పైకి చూశాను. అటక మీద కట్ట కనబడింది. గిన్నె కింద పెట్టాను.

నిచ్చెన వేస్తుంటే కాసులమ్మ లోపలికి వచ్చింది. "ఏటి కావాల?"

"ఆకులు."

"అత్త కట్ట ముట్టుకోకు."

"అవి తెల్లమంచు పడిన పొద్దు కోసినవి. మందు కొట్టకముందు."

ఆమె నన్ను పక్కకి నెట్టి తనే ఎక్కింది. కట్ట దింపి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. దుమ్ము తుడిచింది. పై విస్తరిలో మా అమ్మ కుట్టు చూసింది. అమ్మ ఎప్పుడూ ఈనెపుల్ల చివర లోపలికి మడిచేది, తినేవాడి వేలికి గుచ్చుకోకుండా.

"ఒకటి ఉంచనా?" అంది.

"ఏ ఆకులో ఉందో తెలీదు. అసలుందో లేదో."

ఆమె కట్ట ఎత్తుకుని లేచింది. "అయితే అన్నీ ఒట్టుకెల్దాం. అత్తే ఉంటే నన్ను తిట్టి మరీ మోసుకెల్లును."

షెడ్డులో మేడమ్ కట్ట చూసి, మా ఇద్దరి ముఖాలు చూసి, ఏమీ అడగకుండా చేతులు కడుక్కున్నారు. కాసులమ్మే కుట్లు విప్పింది. ఒక్కో ఆకు ముక్క నీళ్ళలో నానబెట్టడం, ఒక్కో చుక్క పలక మీద పెట్టడం. మొదటి రోజు పన్నెండు విస్తళ్ళు. చుక్కలన్నీ అయిదు కింద, ఆరు కింద దాకా నీళ్ళే. రెండో రోజు పద్నాలుగు. నీళ్ళే. విప్పిన ఆకులన్నీ కాసులమ్మ కొంగులో కట్టుకుంటోంది.

మూడో రోజు పదింటికి, పలక రెండు కింద దగ్గర ఉండగా, మూల చుక్క తెల్లబడింది.

మేడమ్ పలక వేడిచేసి కరిగించి, మళ్ళీ చల్లబరిచారు. మళ్ళీ అక్కడే, రెండు కిందే, కన్ను తెరిచింది. ఏడాది కిందటి ఆ పొద్దు, ఆ ఎర్రబడ్డ వేళ్ళు, ఆకు మీది ఉప్పు, చనిపోయిన మనిషి కుట్టిన ఎండుటాకులో అన్నాళ్ళు నిద్రపోయి, నీళ్ళు తగలగానే తన పని మొదలుపెట్టింది. కంటికి కనబడనిది. కొండంత మబ్బుని కిందకి దించేది.

కాసులమ్మ పలక దగ్గరకి వంగింది. ఆవగింజంత తెలుపు. "ఇదేనా?" అంది.

"ఇదే," అన్నారు మేడమ్.

*

గాజుబుడ్డిలో పెంచారు, తరవాత కుండల్లో. నలభై కుండలు అయ్యాక ఊరిని పిలిచారు.

"ఇది చల్లితే తెల్లమంచు మళ్ళీ వస్తుంది," అన్నారు మేడమ్. "మీ మొగ్గలు మళ్ళీ మాడతాయి. అన్ని తోటలూ కాదు, అన్ని ఏళ్ళూ కాదు. కానీ మాడతాయి. ఈసారి మీరు అడగకముందే చెబుతున్నాను."

ఆ మాట నాకు తగిలింది. తగలాలనే అన్నారు.

చివరికి బొంజుబాబు లేచాడు. నెల రోజుల ఎండకి నల్లబడిపోయాడు. "ముందు వనంలో సల్లాల," అన్నాడు.

"అవును," అన్నారు మేడమ్. "ముందు వనంలోనే."

"మీ సేత్తో సల్లండి."

ఆవిడ చెప్పులు విడిచి, వేపకొమ్మ కుండలో ముంచి మొదటి చెట్టు మీద చల్లారు. ఆ ఏడు కాఫీ కాయలేదు. సముద్రం మీది పెద్దవానకి మా ఆకులతో పనిలేదు, దాని లెక్కన అది ఆషాఢంలో వచ్చి పోయింది. ఆకుల మీద ఏది గెలుస్తోందో రోజూ పలక మీద చూసేవాళ్ళం. రెండు కింద తెల్లబడే చుక్కలు కార్తీకానికి పదింట మూడు. మాఘానికి ఏడు.

*

ఫాల్గుణంలో ఒక ఉదయం గడ్డి తెల్లగా ఉంది.

గొట్టం సున్నాకి రెండు కింద. రాసి, గట్టు మీద నిలబడ్డాను. లోయ అడుగు నుంచి సగం కొండ దాకా తెలుపు గీత గీసినట్టు ఆగింది. ఎండ తగిలిన చోటల్లా అది వెలిగింది. మనుషులు ఒక్కొక్కరే బయటికొచ్చి నిలబడ్డారు. ఏళ్ళ తరబడి తిట్టుకున్నదాన్ని చూస్తూ ఎవరూ తిట్టలేదు. కాసులమ్మ వంగి, గడ్డి మీద అరచెయ్యి ఆనించి ఉంచింది.

బొంజుబాబు తోట లోయకి అడుగున. ఎండెక్కాక అతని కింద వరసలు నాలుగూ నల్లబడ్డాయి. చూసి, నా దగ్గరకి వచ్చాడు.

"నా కింద మడి పోనాది బావా," అన్నాడు. కొండ పైతోటల వైపు తిరిగాడు. "పైనోల్లకి ఉంటాది."

చైత్రంలో అయిదో రోజు మధ్యాహ్నం మబ్బు వచ్చింది. నేను డబ్బా గరాటు తుడిచి, సాలీడు గూడు ఏమైనా ఉందేమో వేలు పెట్టి చూశాను. కాసులమ్మ అన్నం తట్ట షెడ్డు వసారాలోకి తెచ్చింది. సామ అన్నం, రాజ్మా కూర. బొంజుబాబుని కూడా కేక వేసింది. ఏడాదిగా విస్తరి కుట్టని మనిషి, కొత్త అడ్డాకు విస్తళ్ళు నాలుగు పరిచింది. ఈనెపుల్లల చివర్లు లోపలికి మడిచి ఉన్నాయి.

కూచున్నాం. మబ్బు కొండ భుజం మీద ఆనింది. వెలుతురు తగ్గింది. కోళ్ళు గంప కిందకి పోయాయి. మేడమ్ మొదటి ముద్ద కలిపి, కలిపి, అలాగే ఉంచుకున్నారు.

పైన రేకు మీద ఒక చుక్క పడింది. చాలాసేపటికి ఇంకొకటి. తరవాత లెక్కపెట్టడానికి వీల్లేకుండా పోయింది.

ఎవరం తల ఎత్తలేదు. మేడమ్ ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కాసులమ్మ ఆవిడ విస్తట్లో ఇంకొంచెం కూర వేసింది. బొంజుబాబు కళ్ళు తుడుచుకోకుండానే తింటున్నాడు. గంట రెండు దాటిపోయింది. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి, రాయవలసిన వేళకి నేను లేవలేదు. మాట లేకుండా అందరం ఆ అన్నం తిన్నాం.